దొంగ తొమ్మిది

హెకెన్‌షాలో క్లెమ్ హార్డ్‌కాసిల్‌ను పేరు పెట్టి పిలిచేవాళ్లు ఇద్దరే. ఒకరు పెళ్లాం మేవిస్, రెండోవాడు పళ్ల డాక్టరు. మిగతా ఊరంతా "తొమ్మిదీ" అనే పిలుస్తుంది. "ఏం తొమ్మిదీ, మోకాలు ఎలా ఉంది?" అంటాడు రొట్టెల కొట్టువాడు. "తొమ్మిది గారూ, కాస్త జరుగుతారా?" అంటారు బస్సులో ఆడవాళ్లు. తొమ్మిదో నంబరు చొక్కా విప్పి నలభై ఒక్క ఏళ్లయినా, ఆ అంకె మాత్రం ఆయన వీపు దిగలేదు.

ఫుట్‌బాల్‌లో తొమ్మిదో నంబరు, అంటే సెంటర్ ఫార్వర్డ్, అప్పట్లో మా ఊళ్లో మేయరు తర్వాత మనిషి. కొందరి లెక్కలో మేయరుకంటే ముందు మనిషి. పని పెద్దగా ఏమీ లేదు. గోల్ ఎదురుగా నిలబడాలి. పక్కలనుంచి బంతిని గాల్లో వేస్తారు. ఎగిరి తలతో కొట్టాలి. మధ్యలో ఎవడైనా అడ్డొస్తే వాడినీ కొట్టాలి. క్లెమ్ వారమంతా రంగుల మిల్లులో తొట్ల దగ్గర పనిచేసి, శనివారం మధ్యాహ్నం నేరుగా మైదానానికి వచ్చేవాడు. ఆ వారం తొట్లో నీలం ఉంటే అవతలి జట్టు చొక్కాల మీద నీలం వేళ్లు, ఆకుపచ్చ ఉంటే ఆకుపచ్చ వేళ్లు. ఎవడిని ఎక్కడ పట్టి లాగాడో రిఫరీకి తప్ప అందరికీ కనిపించేది.

గాల్లోకి లేస్తే మిల్లు గడియారంలో టైము చూసుకుని మరీ దిగేవాడట. ఒక చలికాలం పొగమంచులో బంతి అనుకుని గోల్‌పోస్టును తలతో కొట్టాడు. పోస్టును మార్చాల్సి వచ్చింది. ఆయనకు మాత్రం రెండు రోజులు టీ రుచి తెలియలేదు, అంతే. ముక్కు రెండుసార్లు ఎడమకూ రెండుసార్లు కుడికీ విరిగింది. అందుకే మొత్తం మీద నిటారుగానే ఉంటుంది.

క్లబ్బు గదిలో బార్ పైన, సీలింగుకు జానెడు కింద, ఒక నల్లచెక్క ఉంటుంది. దాని మీద బంగారు అక్షరాలతో ఎవరెన్ని గోల్స్ కొట్టారో రాసి ఉంటుంది. అన్నిటికంటే పైన క్లెమ్ హార్డ్‌కాసిల్, 187. దాని కింద హెర్బర్ట్ స్నెల్‌గ్రోవ్, 186. ఈ స్నెల్‌గ్రోవ్ యుద్ధానికి ముందు మనిషి, టోపీ తీయకుండానే ఆడేవాడని చెబుతారు. క్లెమ్ ఎప్పుడూ ఆ బోర్డుకు వీపు పెట్టే కూర్చుంటాడు. "ఎంత అణకువో చూడండి" అని ఊరు మురిసిపోతుంది.

అణకువా పాడా! ఆ నూట ఎనభై ఏడులో ఒకటి ఆయనది కాదు.

1971 ఏప్రిల్. సీజన్‌లో చివరి ఆట. అప్పటికి క్లెమ్ లెక్క స్నెల్‌గ్రోవ్‌తో సరిసమానం. మూడు రోజులుగా వాన పడి మైదానం ఉడికిన బఠానీల ముద్దలా ఉంది. ఇంకో రెండు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా, మూలనుంచి బంతి వేసే కార్నర్ కిక్ వచ్చింది. క్లెమ్ ఎగిరాడు, కళ్లు మూసుకున్నాడు, తల విసిరాడు. తలకు గాలి తప్ప ఏమీ తగల్లేదు. కళ్లు తెరిచేసరికి బంతి వలలో ఉంది. ఆయన వెనకనుంచి దూరి వచ్చిన వినీ టాటర్‌సాల్ బురదలో బోర్లా పడి ఉన్నాడు. వినీ ఐదడుగుల నాలుగంగుళాల మనిషి. ఆ బురదలో వాడొకడున్నాడని కూడా ఎవరికీ తెలియలేదు. జనం "తొమ్మిదీ! తొమ్మిదీ!" అని గొంతులు చించుకున్నారు. క్లెమ్ ఒక్క క్షణం ఆగాడు. నిజం చెప్పడానికి ఆ క్షణం చాలు. ఆయన చేతులెత్తేశాడు. ఆ వేసవిలోనే మోకాలు పోయింది. ఇంకో గోల్ కొట్టి లెక్క సరిచేసుకుందామన్నా దారి లేకుండా పోయింది.

వినీ అప్పుడేమీ అనలేదు, తర్వాతా అనలేదు. నలభై ఒక్క ఏళ్లుగా ప్రతి శనివారం క్లెమ్ పక్కనే, ఒకే బల్ల మీద కూర్చుంటాడు. ఒకే ఫ్లాస్కులో టీ తాగుతారు. వాడికి కుడి చెవి వినపడదు. మిల్లు యంత్రాల మోతకు పోయిందని క్లెమ్ అనుకుంటాడు. వినీకి తెలుసా, తెలియదా? తెలిస్తే ఎందుకు చెప్పడు? తెలియకపోతే అప్పుడప్పుడు అలా ఎందుకు నవ్వుతాడు? ఈ ప్రశ్నలు పెట్టుకుని క్లెమ్ ముసలివాడయ్యాడు.

లోపల ఇంత దాచుకున్న మనిషికి బయట అన్నీ అనుమానంగానే కనిపిస్తాయి. ఈమధ్య ఆటలో ఏదో గూడుపుఠాణీ జరుగుతోందని క్లెమ్ గట్టి నమ్మకం. బంతి తేలికైపోయింది, ఎవరు చేశారు? వింగ్‌లో, అంటే మైదానం అంచున, పరుగెత్తేవాడు గీత దాకా పోయి బంతిని పైకి వేయాలి కదా, వీళ్లు సగం దూరం పోయి దారి మరిచినట్టు లోపలికి తిరిగొస్తున్నారు, ఎవరు చెప్పారు? గోల్‌కీపరు బంతిని ఆకాశంలోకి తన్నకుండా పక్కవాడి కాళ్లకు అందిస్తున్నాడు, ఏమిటా రహస్యం? క్లెమ్ సిగరెట్ పెట్టె మీద పెన్సిలుతో గీతలు గీసి లెక్కపెట్టాడు. తన రోజుల్లో ఆటకు నలభైసార్లు బంతి గాల్లో వచ్చేది. పోయిన శనివారం నాలుగుసార్లు. అందులో ఒకటి గాలి తోస్తే వచ్చింది.

దీనంతటికీ మూలం కొత్త కోచ్ అని ఆయన తేల్చాడు. పేరు ఎలియట్ ప్రౌడ్‌ఫుట్. స్కూల్లో డ్రిల్లు మాస్టారు. చంకలో ల్యాప్‌టాప్, కాళ్లకు మేజోళ్లు లేని బూట్లు. మేజోళ్లు వేసుకోనివాడిని ఎలా నమ్మడం? వచ్చీరాగానే వాడు గావిన్ స్టబ్స్‌ను ఆట మాన్పించి బెంచీ మీద కూర్చోబెట్టాడు. గావిన్ భవనాలకు పరంజాలు కట్టే కుర్రాడు, ఆరడుగుల ఐదంగుళాలు, తల బొగ్గుబక్కెట్టంత ఉంటుంది. హెకెన్‌షాలో మిగిలిన ఆఖరి సెంటర్ ఫార్వర్డ్ వాడే.

"నేనేం తప్పు చేశాను పెద్దాయనా?" అని గావిన్ గోలపెట్టాడు.

"పొడుగ్గా పుట్టావు" అన్నాడు క్లెమ్. "ఈ రోజుల్లో అంతకంటే పెద్ద తప్పు లేదు."

మార్చి నెలలో ఒక గురువారం సాయంత్రం. మైదానంలో టీ కొట్టు నడిపేది మేవిసే. ఆవిడకు కావలసిన పాలసీసాలు మోసుకుని క్లెమ్ నడవాలో పోతున్నాడు. ఆటగాళ్లు బట్టలు మార్చుకునే గదికి తలుపంటే పేరుకే తలుపు, లోపల తుమ్మితే బయటివాడు ముఖం తుడుచుకోవాలి. లోపలనుంచి ఎలియట్ గొంతు వినిపించింది.

"ఇంక దాపరికం ఎందుకు? శనివారం అందరికీ చెప్పేద్దాం. ఇన్నేళ్లూ ఈ క్లబ్బు పాత తొమ్మిదిని నమ్ముకుని బతికింది. ఇది దొంగ తొమ్మిది. గోల్ ముందు ఉన్నట్టే కనిపిస్తాడు. అందరి కళ్లూ వాడి మీదే. అందరూ వాడే కొడతాడనుకుంటారు. కానీ కొట్టేది వాడు కాదు, వెనకనుంచి దూరి వచ్చే పొట్టోడు. బోర్డు చూడండి, మీకే తెలుస్తుంది."

క్లెమ్ చేతిలోంచి ఆరు పాలసీసాలు జారాయి. ఆ చప్పుడుకు మూడు వీధుల అవతల పిల్లులు లేచి కూర్చున్నాయంటారు.

పాలు తుడిచి వెనక్కి తిరిగితే గోడ మీద కాగితం. పెద్ద అక్షరాలు. "శనివారం ఒంటిగంటకు క్లబ్బు గదిలో: దొంగ తొమ్మిది. కోచ్ బోర్డు మీద వివరిస్తారు. సభ్యులందరూ తప్పక రావాలి. టీ, కీమా పైలు ఉంటాయి."

పైలు కూడా పెడుతున్నారు! తన పరువు తీసే సభకు విందొకటి. కీమా కూరి కాల్చే ఆ పైలు చేసేది తన పెళ్లామే. అంటే మేవిస్‌కూ తెలుసా?

ఆ రాత్రి భోజనం దగ్గర ఆవిడ ముఖంలోకి చూస్తూనే ఉన్నాడు.

"ఏమయ్యా, నా మొహం మీద ఏమైనా రాసి ఉందా?" అంది మేవిస్.

"శనివారం ఎన్ని పైలు చేస్తున్నావు?"

"ఎనభై."

"మామూలుగా నలభయ్యేగా?"

"ఈసారి జనం ఎక్కువొస్తారట. ఆ కోచ్ అబ్బాయి చెప్పాడు."

క్లెమ్ కంచం పక్కకు జరిపాడు.

శుక్రవారం పొద్దున్నే వినీని పట్టుకోవడానికి బయల్దేరాడు. మైదానానికి ఒక వైపు, గోల్ వెనక, ఊరివాళ్లు కూరగాయలు పండించుకునే మళ్లున్నాయి. వినీ తన మడిలో, ఉల్లికాడల్లాంటి లీకు కాడల చుట్టూ మట్టి ఎగదోస్తున్నాడు. లీకు అనే మాటే క్లెమ్‌కు ఆ పూట నచ్చలేదు. చుట్టూ తిరిగి వినీ మంచి చెవి వైపు వచ్చి నిలబడ్డాడు.

"వినీ, ఈ దొంగ తొమ్మిది సంగతి నీకు తెలుసా?"

"తెలియకేం."

"ఎప్పటినుంచి?"

"ఏడాదవుతుందేమో. టీవీలో చెప్పారుగా."

"టీవీలోనా!"

"తెర మీద బాణాలు గీసి మరీ చూపించారు. ఆ స్పెయిన్ వాళ్లయితే ఎక్కడ చూసినా ఇదే గోల."

క్లెమ్ బోర్లించిన బక్కెట్టు మీద కూలబడ్డాడు. స్పెయిన్! ఆయన జన్మలో ఒక్కసారే స్పెయిన్ వెళ్లాడు, అదీ మేవిస్ చెల్లెలు బలవంతం చేస్తే. వారం రోజుల్లో ఐదు రోజులు ఒళ్లు కాలి గదిలోనే పడుకున్నాడు. ఆ మిగిలిన రెండు రోజుల్లో ఎవరి దగ్గరైనా నోరు జారాడా?

"మరి నువ్వేమంటావు వినీ?" అన్నాడు.

"నాకేం, సంతోషమే" అన్నాడు వినీ, కాడ మీద మట్టి దులుపుతూ. "పొట్టోళ్లకు ఇన్నాళ్లకు న్యాయం జరుగుతోంది." అని, అదిగో, మళ్లీ ఆ నవ్వు.

ఇంక అడగడానికి ఏం మిగిలింది? క్లెమ్ ఇంటికి పోయి బీరువాలోంచి నల్లసూటు తీశాడు.

"ఎవరు పోయారు?" అంది మేవిస్.

"రేపు తెలుస్తుంది."

"రేపు పోయేవాళ్లకు ఇవాళే ఇస్త్రీనా?"

శనివారం ఒంటిగంటకు క్లబ్బు గది కిక్కిరిసింది. ఇరవై ఏళ్లుగా క్లబ్బు గుమ్మం తొక్కనివాళ్లు కూడా పైల వాసనకు వచ్చారు. ఎలియట్ ఒక తెల్ల రేకు బోర్డు తెచ్చి బార్ మీద, సరిగ్గా ఆ బంగారు అక్షరాల కింద ఆనించాడు. రేకు మీద ఒకటినుంచి పదకొండు దాకా అంకెలున్న అయస్కాంతం బిళ్లలు. క్లెమ్ చావింటికి వచ్చినట్టు నల్లసూటులో, టోపీ చేత్తో పట్టుకుని ముందు వరసలో కూర్చున్నాడు. పక్కన వినీ నోటినిండా కీమా పై కుక్కుకుని ఉన్నాడు.

"అందరూ వచ్చినందుకు సంతోషం" అని మొదలుపెట్టాడు ఎలియట్. "దొంగ తొమ్మిది అంటే చాలామందికి అనుమానాలున్నాయని తెలుసు..."

క్లెమ్ లేచి నిలబడ్డాడు. మోకాలు టప్‌మంది.

"నువ్వు చెప్పనక్కర్లేదు అబ్బాయ్. దొంగ నోటితోనే వినండి. నూట ఎనభై ఏడో గోల్ నాది కాదు. నా తలకు గాలి తగిలింది, బంతి తగల్లేదు. కొట్టింది వినీ. మీరు నా పేరు అరిచారు, నేను చేతులెత్తాను. నలభై ఒక్క ఏళ్లు స్నెల్‌గ్రోవ్ నెత్తిన కూర్చున్నాను. టీవీ వాళ్లకు ఎవరు చెప్పారో, స్పెయిన్ వాళ్లకు ఎవరు చెప్పారో నాకు తెలియదు. మీకు మాత్రం నేనే చెబుతున్నాను. ఇంక బాణాలు గీసుకోండి."

వెనక వరసలో ఎవరో కీమా పైని కరకరా కొరికారు. ఎలియట్ చేతిలోని బిళ్లను బార్ మీద పెట్టేశాడు.

"తొమ్మిది గారూ... దొంగ తొమ్మిది అంటే మీరు కాదండీ. అదొక ఆడే పద్ధతి. ముందు నిలబడాల్సిన తొమ్మిదో నంబరువాడు వెనక్కి జరిగిపోతాడు. డిఫెండర్లు వాడి వెంట వస్తారు. ఖాళీలోకి వెనకవాళ్లు దూరి గోల్ కొడతారు. ఇవాళ గావిన్ బదులు అలా ఆడబోతున్నామని చెప్పడానికే ఈ సభ."

రెండు క్షణాలు పట్టింది. తర్వాత గదంతా పగలబడి నవ్వింది. ఆ నవ్వుకు కొక్కేలకు తగిలించిన కప్పులు ఊగాయి. ఒకాయన కట్టుడు పళ్లు టీ కప్పులో పడ్డాయి. మేవిస్ ఏప్రన్ ముఖానికి అడ్డం పెట్టుకుని బార్ వెనక కూలబడింది. క్లెమ్ మాత్రం నవ్వలేదు. అందరి ముఖాలూ ఒక్కొక్కటే చూశాడు. ఇది కూడా ఏదైనా ఎత్తేమో?

అప్పుడు వినీ నోట్లోని కీమా పై మింగి లేచాడు. లేచినా పెద్ద తేడా ఏమీ కనబడలేదు.

"ఒరే తొమ్మిదీ" అన్నాడు, "అది నా చెవికి తగిలింది."

"ఏమిటి?"

"బంతి. ఈ చెవికే. నీళ్లు తాగిన తోలు బంతి, ఇటుకంత బరువు. అప్పట్నుంచే ఇది వినపడదు."

"అయితే నీకు తెలుసు!"

"చెవి పోయినవాడికి తెలియకుండా ఉంటుందా?"

"మరి ఎందుకు చెప్పలేదురా?"

"చెబితే నమ్మేదెవడు? పక్కన తాటిచెట్టంత మనిషివి చేతులెత్తుకుని నిలబడితే." వినీ వేళ్లకంటిన పై గ్రేవీ నాక్కున్నాడు. "నీ వీపు వెనక దాక్కుని నేను తొంభై గోల్స్ కొట్టాను. ఒక్క డిఫెండరుకూ కనబడలేదు. ఆ వీపుకు ఒకటిస్తే నా సొమ్మేం పోయింది?"

క్లెమ్‌కు కళ్లలో ఏదో పడింది. పొగ అనుకోవాలి, కానీ గదిలో సిగరెట్లు మానేసి ఐదేళ్లయింది. టోపీతో ముఖం తుడుచుకుని, "ఆ ఏడు చెరిపేయండి" అన్నాడు. "నూట ఎనభై ఆరు చేయండి. స్నెల్‌గ్రోవ్ పక్కన కూర్చుంటాను, నెత్తిన వద్దు."

చెరపడం ఎలా? బంగారు అక్షరాలు రాసే పెద్దాయన పోయి పదేళ్లయింది. క్లెమ్ రేకు బోర్డు వైపు నడిచాడు. తొమ్మిది అంకె ఉన్న బిళ్లను గోటితో పీకాడు.

"ఇది నీకు కావాలా అబ్బాయ్?"

ఎలియట్ తల గోక్కున్నాడు. "నిజం చెప్పాలంటే అక్కర్లేదండీ. మా పద్ధతిలో అక్కడ ఎవరూ ఉండరు."

"అదే అనుకున్నాను." బిళ్లను తలకిందులు చేసి పట్టుకున్నాడు. తొమ్మిది ఆరయింది. "దీన్ని ఆ ఏడు మీద అతికించండి."

నల్లచెక్కకు అయస్కాంతం పట్టదు. చీలమండలకు చుట్టుకునే టేపు గావిన్ దగ్గర ఉంది. బార్ వెనక ఎత్తు తక్కువ స్టూలొకటే ఉంది, అది ఎక్కినా ఎవరికీ అందలేదు. గావిన్ స్టూలు లేకుండానే చెయ్యి చాపి, ఇంకో జానెడు ఎత్తున్నా అందేంత తేలిగ్గా, బిళ్ల అతికించాడు.

"చూశారా" అంది మేవిస్, ఏప్రన్‌తో కళ్లు తుడుచుకుంటూ, "ఇంట్లో పొడుగువాడు ఒకడుండాలి."

ఆ మాట ఎలియట్‌కు ఎక్కడ తగలాలో అక్కడ తగిలినట్టుంది. ఆట మొదలైంది. మనవాళ్లు దొంగ తొమ్మిది ఆడారు. అటు ఇచ్చారు, ఇటు ఇచ్చారు, మళ్లీ అటు ఇచ్చారు. లక్ష పాసులుంటాయి, తక్కువ కాదు. గోల్ ముందు మాత్రం అవతలి జట్టు డిఫెండర్లిద్దరూ పెళ్లి సంబంధాలు మాట్లాడుకుంటున్నట్టు తీరిగ్గా నిలబడ్డారు. సున్నా, సున్నా. ఇంకో ఎనిమిది నిమిషాలుందనగా ఎలియట్ వెనక్కి తిరిగి బల్ల మీద ఉన్న క్లెమ్ వైపు ఒక్క చూపు చూసి, గావిన్‌ను లెమ్మన్నాడు.

"వీడెందుకు నా వైపు చూశాడు?" అన్నాడు క్లెమ్.

"నోర్మూసుకుని చూడరా" అన్నాడు వినీ.

వింగ్‌లోవాడు గీత దాకా పరుగెత్తాడు. ఈసారి దారి మరవలేదు. బంతి పైకి లేచింది. గావిన్ లేచాడు. ఇద్దరు డిఫెండర్లు వాడి భుజాలకు వేలాడుతూ లేచారు. ఆ తల తగిలిన మోత పక్క ఊళ్లో గంట కొట్టినట్టు వినిపించింది. బంతి అడ్డకమ్మీ మీదనుంచి ఆరు గజాల ఎత్తున ఎగిరి, కంచె దాటి, వినీ మడిలో లీకు కాడలను వరసగా పడగొట్టింది.

క్లెమ్ బల్ల ఎక్కి నిలబడి చప్పట్లు కొట్టాడు. "తలతో కొట్టాడు! తలతో!"

"నా కాడలు!" అన్నాడు వినీ.

ఆట సున్నా సున్నాతోనే ముగిసింది. అయినా ఆ సాయంత్రం క్లెమ్ చాలా తేలిగ్గా నడిచాడని, రోడ్డు దాటుతూ ఒక కారుకు దారి కూడా ఇచ్చాడని అంటారు.

కథ అక్కడితో ఆగితే బావుండేది. తర్వాతి శనివారం క్లెమ్ క్లబ్బు గదిలోకి వచ్చి, తన లెక్క ఒకసారి చూసుకుందామని తలెత్తాడు. బోర్డు మీద 189 ఉంది.

ఎవరో బిళ్ల తిప్పేశారు. టేపు కొత్తది, గట్టిగా నొక్కి మరీ అతికించారు. క్లెమ్ గావిన్‌ను పిలిచి మళ్లీ ఆరు చేయించాడు. మరుసటి వారానికి మళ్లీ తొమ్మిది. మళ్లీ ఆరు. మళ్లీ తొమ్మిది. చేసింది వినీ అయ్యుండాలి, కానీ వాడికి స్టూలెక్కినా అందదు. గావిన్‌కు అందుతుంది, కానీ వాడు పరంజాల మీద ఒట్టేశాడు. ఎలియట్‌కు ఆ బిళ్ల మీద హక్కుంది. మేవిస్ దగ్గర ఈమధ్య ఎందుకో ఒక కొత్త నిచ్చెన కనబడుతోంది, పైలు పెట్టే పెద్ద అలమర కోసమట. బిళ్ల పీకించి వాసన చూశాడు. గ్రేవీ.

ఇప్పుడు క్లెమ్ తన కుర్చీ తిప్పుకున్నాడు. నలభై ఒక్క ఏళ్ల తర్వాత మొదటిసారి ఆ బోర్డుకు ఎదురుగా, దాని మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చుంటున్నాడు. చుట్టూ అందరూ పైలు తింటున్నారు. అందరి వేళ్లకూ గ్రేవీయే.